కేసులు ధనిక దేశాల్లో, చావులు పేద దేశాల్లో: రొమ్ము క్యాన్సర్ లెక్కల్ని ఎలా చదవాలి

ముందు మీ ప్రశ్నను ఒకసారి చెప్పుకుందాం. రొమ్ము క్యాన్సర్ కొత్త కేసుల రేటును ప్రపంచ పటం మీద చూస్తే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉత్తర అమెరికా, పశ్చిమ ఐరోపా, ఉత్తర ఐరోపా ముదురు రంగులో కనిపిస్తాయి. ఆఫ్రికాలో చాలా భాగం, దక్షిణాసియా లేత రంగులో ఉంటాయి. మరణాల పటం తీస్తే ఆ వరస చెదిరిపోయి పశ్చిమాఫ్రికా, పసిఫిక్ దీవులు పైకొస్తాయి. అభివృద్ధి ఈ జబ్బును పెంచుతున్నట్టా, తగ్గిస్తున్నట్టా, ప్రాజెక్టు రిపోర్టులో ఏది రాయాలి అని అడిగారు.

నేను చాలా ఏళ్లు క్యాన్సర్ రిజిస్ట్రీ (ఒక ప్రాంతంలోని క్యాన్సర్ కేసులన్నీ నమోదు చేసే వ్యవస్థ) లెక్కలతో పనిచేశాను. నా జవాబు: రెండూ నిజమే, కానీ ఆ రెండు పటాలూ ఒకే కాలానికి చెందినవి కావు. ఇవాళ యాభై, అరవై ఏళ్లున్న ఆడవాళ్లు చిన్నప్పుడు ఎలా పెరిగారు, ఎప్పుడు పిల్లల్ని కన్నారు, ఎందర్ని కన్నారు అన్నదాని ఫలితం కొత్త కేసుల పటంలో కనిపిస్తుంది. మరణాల పటంలో మాత్రం ఇప్పుడు ఆ దేశంలో రోగనిర్ధారణ, చికిత్స ఏ స్థితిలో ఉన్నాయో కనిపిస్తుంది. మొదటిది అభివృద్ధితో పాటు, ఎవరూ ఏమీ చేయకుండానే పెరుగుతుంది. రెండోది ఎవరో ఒకరు పూనుకుంటే తప్ప తగ్గదు. మొదటిది పెరిగిపోయి, రెండోదాని మీద ఇంకా పని మొదలుకాని దేశాల్లోనే అసలు నష్టం జరుగుతోంది.

ముందు అంకెలు చూద్దాం. 2022లో ప్రపంచంలో సుమారు 23 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, సుమారు 6.7 లక్షల మంది చనిపోయారు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 185 దేశాలకు లెక్కలు వేస్తుంది. వాటిలో 157 దేశాల్లో మహిళలకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది. అంటే ఇది ధనిక దేశాల జబ్బు అన్న మాటకు ఎప్పుడో కాలం చెల్లింది.

మానవాభివృద్ధి సూచిక ప్రకారం దేశాల్ని విడదీసి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్క మీ ప్రశ్నకు సూటిగా తగులుతుంది. సూచిక చాలా ఎక్కువగా ఉన్న దేశాల్లో ప్రతి 12 మంది మహిళల్లో ఒకరికి జీవితకాలంలో ఈ క్యాన్సర్ వస్తుంది, 71 మందిలో ఒకరు దానితో చనిపోతారు. సూచిక తక్కువగా ఉన్న దేశాల్లో 27 మందిలో ఒకరికే వస్తుంది, కానీ 48 మందిలో ఒకరు చనిపోతారు. కాగితం తీసుకుని భాగించి చూడండి. మొదటి గుంపులో జబ్బు వచ్చిన నూరుమందికి సుమారు 17 మరణాలు, రెండో గుంపులో సుమారు 56. జబ్బు వచ్చే అవకాశం సగానికన్నా తక్కువ, వచ్చాక చనిపోయే అవకాశం మూడు రెట్లకు పైన.

ఇక్కడ సూచిక గురించి ఒక మాట. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990 నుంచి ఇస్తున్న ఈ సూచికలో ఉండేవి మూడే: ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం. ఆసుపత్రులు, డాక్టర్లు, మందులు అందులో ఎక్కడా లేవు. కాబట్టి ‘సూచిక పెరిగితే మరణాలు తగ్గుతాయి’ అని రాసేటప్పుడు, మధ్యలో ఏం జరిగితే తగ్గుతాయో మీరు విడిగా చెప్పాల్సిందే.

ఇప్పుడు మొదటి పటం. పేద దేశాల్లో కేసులు నిజంగానే తక్కువా, లేక లెక్కకు రావడం లేదా అన్న అనుమానం అందరికీ వస్తుంది. రావాలి కూడా.

రిజిస్ట్రీలో ఒక కేసు ఎలా పుడుతుందో చూస్తే విషయం తెలుస్తుంది. రిజిస్ట్రీ మనిషి ల్యాబ్‌కు వెళ్లి బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) రిజిస్టర్ తిరగేస్తాడు. క్యాన్సర్ అని తేలిన ప్రతి పేరునూ రాసుకుంటాడు. అదే మనిషి ఆపరేషన్ ఇంకో ఆసుపత్రిలో, రేడియేషన్ మూడోచోట చేయించుకుని ఉండొచ్చు. ఒకచోట పేరు పక్కన తండ్రి పేరు ఉంటుంది, ఇంకోచోట భర్త పేరు. వయసు ఒకచోట 45, మరోచోట 48. ఊరి పేరు రెండు స్పెల్లింగుల్లో. ఈ మూడు కాగితాలూ ఒకే మనిషివని తేల్చి ఒక్క కేసుగా కలపాలి. కలపకపోతే కేసులు ఎక్కువ కనిపిస్తాయి. తప్పుగా కలిపితే తక్కువ కనిపిస్తాయి. ఆమె నిజంగా ఆ రిజిస్ట్రీ పరిధిలోనే నివసిస్తుందా, లేక వైద్యం కోసం బంధువుల ఇంట్లో దిగి ఆ అడ్రస్ రాయించిందా అన్నదీ చూడాలి. ఇదంతా బయాప్సీ జరిగితేనే. గడ్డతోనే, ఏ ల్యాబ్ గడపా తొక్కకుండా చనిపోయిన మనిషి మా లెక్కలో అసలు ఉండదు.

అందుకని పేద దేశాల రేటులో కొంత లోటు కచ్చితంగా ఉంది. కానీ తేడా మొత్తం ఆ లోటు వల్లే అనుకుంటే పొరపాటు. దీనికి గట్టి సాక్ష్యం వలసలు. ఆసియాలో రొమ్ము క్యాన్సర్ తక్కువగా ఉన్న రోజుల్లో జపాన్, చైనా, ఫిలిప్పీన్స్ నుంచి అమెరికాకు వెళ్లిన కుటుంబాలను గమనించారు. వెళ్లినవాళ్లలో రేటు కాస్త పెరిగింది, అక్కడ పుట్టిన ఆడపిల్లల్లో ఇంకా పెరిగింది, తరాలు గడిచేకొద్దీ స్థానిక తెల్లజాతి మహిళల రేటుకు దగ్గరైంది. 1993లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎవరు ఎక్కడ పుట్టారు, ఎంతకాలంగా అక్కడ ఉన్నారు అన్నదాన్ని బట్టి ఆసియా మూలాల మహిళల మధ్యే ముప్పులో ఆరు రెట్ల తేడా కనిపించింది. జన్యువులు రెండు తరాల్లో మారవు. మారింది బతుకుతీరు.

బతుకుతీరులో ఏది అన్నది అసలు ప్రశ్న. ఇక్కడ చాలామంది వెంటనే తిండి, ప్లాస్టిక్, కాలుష్యం అనేస్తారు. తేడాలో పెద్ద వాటా వాటిది కాదు, పిల్లల్ని కనే తీరుది. ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కూడా కాదు. క్రైస్తవ మఠాల్లోని సన్యాసినుల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఉందని ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని 18వ శతాబ్ది మొదట్లోనే రాశాడు. 1926లో బ్రిటన్‌లో జానెట్ లేన్-క్లేపాన్ రొమ్ము క్యాన్సర్ వచ్చిన 500 మందినీ, రాని 500 మందినీ పక్కపక్కన పెట్టి పోల్చింది. పిల్లలు తక్కువ, పెళ్లి ఆలస్యం, చనుబాలు ఇవ్వకపోవడం అనేవి అప్పుడే బయటపడ్డాయి. జబ్బుల కారణాలు వెతకడానికి ఇవాళ మేం వాడే పద్ధతికి ఆ పరిశోధనే ఒక తొలి నమూనా. ఆమె పేరు మాత్రం పాఠాల్లో పెద్దగా వినిపించదు.

శరీరంలో జరిగేది ఇది. ప్రతి నెలసరి చక్రంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు రొమ్ములోని కణాలను విభజన చెందమని తోస్తాయి. విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్ఏ కాపీలో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. మొదటి కాన్పు, ఆ తర్వాత పాలివ్వడం ఆ కణాలను పూర్తిగా ఎదిగేలా చేస్తాయి, ఎదిగిన కణం తొందరగా దారి తప్పదు. కాబట్టి చిన్న వయసులో రజస్వల కావడం, ఆలస్యంగా తొలి కాన్పు, తక్కువ కాన్పులు, కొద్దికాలమే పాలివ్వడం, నెలసరి ఆలస్యంగా ఆగడం అన్నీ ఒకే దిక్కుకు తోస్తాయి. రజస్వల ఒక ఏడాది ముందైతే ముప్పు సుమారు 5 శాతం, నెలసరి ఒక ఏడాది ఆలస్యంగా ఆగితే సుమారు 3 శాతం పెరుగుతుంది. విడిగా చూస్తే ఇవి చిన్న అంకెలే. ఒక దేశం మొత్తం ఒకే దిశలో జరిగితే పెద్దవవుతాయి.

ఎంత పెద్దవో తెలియాలంటే మాలీ దేశపు డోగోన్ గ్రామాన్ని చూడాలి. బెవర్లీ స్ట్రాస్‌మన్ అనే మానవశాస్త్రవేత్త 1980లలో అక్కడ రెండేళ్లకు పైగా ఉన్నారు. నెలసరి సమయంలో ఆ ఊరి ఆడవాళ్లు వేరే గుడిసెల్లో ఉండేవారు. ఏ రాత్రి ఎవరు ఆ గుడిసెల్లో ఉన్నారో ఆమె రోజూ రాసుకుంటూ పోయారు. గర్భనిరోధక సాధనాలు లేని, ఎనిమిది తొమ్మిది కాన్పులు మామూలైన ఆ సమాజంలో ఒక స్త్రీకి జీవితకాలంలో వచ్చే నెలసరులు నూటికి కాస్త పైన. ఎక్కువకాలం ఆమె గర్భంతోనో, పాలిస్తూనో ఉంటుంది. ఒకరిద్దరు పిల్లలున్న పారిశ్రామిక దేశపు మహిళకు ఈ సంఖ్య మూడు నాలుగు రెట్లు.

దీన్ని క్యాన్సర్ లెక్కలోకి మార్చిన పని 2002లో వచ్చింది. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను, దాదాపు 50,000 మంది రోగుల వివరాలను కలిపి చూశారు. పాలిచ్చిన ప్రతి 12 నెలలకు ముప్పు 4.3 శాతం, ప్రతి కాన్పుకు విడిగా 7 శాతం తగ్గుతుందని తేలింది. సంపన్న దేశాల మహిళలు కూడా పేద దేశాల్లో మొన్నమొన్నటి వరకూ ఉన్నట్టే పిల్లల్ని కని, అంతకాలం పాలిస్తే, 70 ఏళ్లలోపు జబ్బు వచ్చేవారు నూటికి 6.3 నుంచి 2.7కు తగ్గేవారని అంచనా కట్టారు. అంటే ముప్పు సగానికన్నా ఎక్కువ తగ్గేది.

దీన్ని కొందరు ఎటు తిప్పుతారో తెలుసు కాబట్టి చెప్తున్నాను. ‘ఆడపిల్లలు చదువుకుని, ఆలస్యంగా పెళ్లి చేసుకోవడం వల్లే క్యాన్సర్’ అని రాస్తే అది లెక్కల్ని వక్రీకరించడమే. చదువుకున్న తల్లి కాన్పులో చనిపోయే ముప్పు తక్కువ, ఆమె పిల్లలు బతికే అవకాశం ఎక్కువ. ఎనిమిది కాన్పుల సమాజంలో ఆడవాళ్లు రొమ్ము క్యాన్సర్ వచ్చే వయసుదాకా బతకడమే గగనం. పైగా కాన్పు ఇచ్చే రక్షణ వెంటనే రాదు. బిడ్డ పుట్టిన తర్వాత కొన్నేళ్లపాటు ముప్పు కాస్త పెరుగుతుంది, ఐదేళ్ల ప్రాంతంలో గరిష్ఠానికి చేరి, ఇరవై ఏళ్లు దాటాక గాని లాభంలోకి రాదు. ఎవరికైనా సలహాగా చెప్పగలిగేది పాలివ్వడం గురించే. ఉద్యోగం చేసే తల్లికి సెలవు ఇచ్చే చట్టం లేకుండా ఆ సలహా ఇవ్వడం కూడా సరికాదు.

మద్యం, ఊబకాయం సంగతి చిన్నగా చెప్పి ముందుకెళ్తాను. రోజుకు సుమారు 10 గ్రాముల ఆల్కహాల్‌కు ముప్పు 7 శాతం దాకా పెరుగుతుంది, ఇందులో సురక్షితమైన మోతాదు అంటూ లేదు. ఊబకాయం నెలసరి ఆగిన తర్వాత ముప్పు పెంచుతుంది, ఎందుకంటే అప్పుడు ఈస్ట్రోజన్ ముఖ్యంగా కొవ్వు కణజాలంలోనే తయారవుతుంది. హార్మోన్ మాత్రల కథ మాత్రం ఆసక్తికరం. మెనోపాజ్ (నెలసరి ఆగే దశ) ఇబ్బందులకు వాడే ఈస్ట్రోజన్-ప్రొజెస్టిన్ మాత్రలు రొమ్ము క్యాన్సర్‌ను పెంచుతున్నాయని తేలి 2002 జులైలో అమెరికాలో ఒక పెద్ద ట్రయల్‌ను (మనుషుల్ని గుంపులుగా విడదీసి చేసే వైద్య పరీక్షను) మధ్యలో ఆపేశారు. లక్షలాది మంది మాత్రలు మానేశారు. 2003లో ఆ దేశంలో కొత్త కేసులు దాదాపు 7 శాతం పడిపోయాయి. దేశం మొత్తం రేటు ఇంత త్వరగా కదలడం నా రంగంలో అరుదు.

ధనిక దేశాల్లో కేసులు ఎక్కువ కనిపించడానికి ఇంకో కారణం స్క్రీనింగ్, అంటే ఏ లక్షణాలూ లేనివారికి కూడా పరీక్ష చేయడం. మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) పెట్టిన మొదటి ఏళ్లలో, అప్పటిదాకా లోపల దాక్కుని ఉన్నవన్నీ ఒక్కసారిగా బయటపడి రేటు ఎగబాకుతుంది. వాటిలో కొన్ని ఆ మనిషి జీవితకాలంలో ఎప్పటికీ ఇబ్బంది పెట్టనివి కూడా ఉంటాయి. కాబట్టి రేటు పెరిగింది అంటే జబ్బు అంతే పెరిగిందని అర్థం కాదు.

వయసు విషయంలో ఒక పొరపాటు దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ చూస్తాను. ఆఫ్రికాలో, ఆసియాలో ‘చిన్న వయసులోనే వస్తోంది’ అని రాస్తారు. రోగుల సగటు వయసు తక్కువ అన్నది నిజమే. కానీ అక్కడ జనాభాలోనే పెద్దవాళ్లు తక్కువ. నలభైలలో ఉన్న లక్ష మందికి ఎన్ని కేసులు అని లెక్క కడితే, ఆ వయసులో కూడా సంపన్న దేశాల్లోనే ఎక్కువ. అందుకే దేశాల్ని పోల్చేటప్పుడు అందరికీ ఒకే ఊహాజనిత జనాభాను తీసుకుని వయసు సర్దిన రేటు వాడతాం. మీ పట్టికలో అది ఉందో, ముడి రేటు ఉందో ముందు చూసుకోండి.

ఇక రెండో పటం. వ్యాధి తేలాక ఐదేళ్లు బతికేవారు సంపన్న దేశాల్లో నూటికి 90 పైనే. భారత్‌లో 66, దక్షిణాఫ్రికాలో 40 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నమీబియా, నైజీరియా, దక్షిణాఫ్రికా, ఉగాండా, జాంబియాల్లో రెండువేలకు పైగా రోగులను వెంటాడి చూసిన ఒక అధ్యయనంలో మూడేళ్లు తిరిగేసరికి మిగిలింది దాదాపు సగం మందే.

ఎక్కడ చేజారిపోతున్నారు? అందరూ ‘అవగాహన లేక ఆలస్యంగా వస్తున్నారు’ అంటారు. నాకు ఆ మాట సగమే నచ్చుతుంది. చాలామంది గడ్డ చూసుకుని మొదటి నెలల్లోనే ఎవరో ఒకరి దగ్గరికి వెళ్తారు. అక్కడ ‘ఏం కాదు, పాల గడ్డ’ అని యాంటీబయాటిక్ రాసి పంపుతారు. మళ్లీ వస్తే స్కాన్ కోసం ఇంకో ఊరు. బయాప్సీకి మరో తేదీ. రిపోర్టుకు కొన్ని వారాలు. నేను చూసిన కేస్ షీట్లలో ‘లక్షణం మొదలైన తేదీ’కీ ‘చికిత్స మొదలైన తేదీ’కీ మధ్య ఉన్న కాలంలో పెద్ద ముక్క, ఆమె ఆసుపత్రి గడప తొక్కిన తర్వాతదే. గడ్డలో నొప్పి ఉండదు, కాబట్టి ఎవరికీ తొందర ఉండదు.

రిపోర్టు వచ్చాక కూడా అసలు సమాచారం అందులో ఉండకపోవచ్చు. క్యాన్సర్ అని రాస్తే సరిపోదు. ఆ కణాల్లో ఈస్ట్రోజన్ గ్రాహకం (ఆ హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్) ఉందా లేదా, హెర్-2 (కణాలను పెరగమని తోసే ఇంకో ప్రోటీన్) ఎక్కువగా ఉందా అన్నది తేల్చాలి. గ్రాహకం ఉంటే టామాక్సిఫెన్ అనే చవక మాత్ర ఐదేళ్లు వేసుకోవడం వల్ల మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయి. మాత్ర దాదాపు అన్ని దేశాల్లోనూ దొరుకుతుంది. ఎవరికి ఇవ్వాలో చెప్పే పరీక్ష అన్నిచోట్లా దొరకదు. తీసిన ముక్కను ఫార్మలిన్‌లో (చెడిపోకుండా కాపాడే ద్రవంలో) సరిగ్గా వేయకుండా గంటల తరబడి ఉంచేస్తే ఉన్న గ్రాహకం కూడా లేనట్టు చూపిస్తుంది. ఆ ఒక్క పొరపాటుతో ఐదేళ్ల మాత్ర ఆమెకు అందకుండా పోతుంది. హెర్-2 రకానికి వాడే ట్రాస్టుజుమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది 1998లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోకి ఎక్కింది 2015లో. మధ్యలో 17 ఏళ్లు.

యంత్రాల సంగతికి ఉగాండా ఉదాహరణ చాలు. దేశమంతటికీ ఉన్న ఒకే ఒక్క రేడియేషన్ యంత్రం 2016లో పాడైపోయింది. కొత్తది బిగించేసరికి 2017 చివరికొచ్చింది. ఆ మధ్యకాలంలో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన మహిళకు ‘రేడియేషన్ పెట్టించుకోండి’ అని రాసే కాగితానికి ఆ దేశంలో విలువ లేదు.

డబ్బు ఇంకో వైపు. ఆగ్నేయాసియాలోని ఎనిమిది దేశాల్లో 9,500 మందికి పైగా క్యాన్సర్ రోగుల్ని, అన్ని రకాల క్యాన్సర్లూ కలిపి, ఏడాదిపాటు చూసిన అధ్యయనం 2015లో వచ్చింది. ఏడాది తిరిగేసరికి 29 శాతం చనిపోయారు. 48 శాతం కుటుంబాలు ఖర్చుతో చితికిపోయాయి. ప్రాణాలతో ఉండి, అప్పులపాలు కాకుండా బయటపడింది 23 శాతం. చికిత్స మధ్యలో మానేసినవాళ్లను ‘అశ్రద్ధ’ అని రికార్డుల్లో రాయడం చూశాను. ఈ అంకె చూశాక ఆ మాట రాయడానికి చెయ్యి రాదు.

చిన్న వయసు రోగుల మరణం ఆమెతో ఆగదు. 2020లో క్యాన్సర్ల వల్ల తల్లిని పోగొట్టుకున్న పిల్లలు ప్రపంచంలో పది లక్షలకు పైన అని అంచనా. వారిలో నాలుగో వంతు రొమ్ము క్యాన్సర్ వల్లే. ఈ భారం ఎక్కువగా ఆఫ్రికా, ఆసియాల మీదే పడింది.

అభివృద్ధి, మరణాల మధ్య ముడి ఎలా వేయాలో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. సంపన్న దేశాల్లో కూడా మరణాలు ఎప్పటినుంచో తక్కువేమీ కాదు. 1980ల చివరిదాకా తగ్గనే లేదు. అక్కణ్నుంచి 2020 నాటికి వయసు సర్దిన మరణాల రేటు 40 శాతం తగ్గింది. ఈ తగ్గుదల ఘనతంతా మామోగ్రఫీదే అని జనంలో గట్టి నమ్మకం. అమెరికాలో 1975 నుంచి 2019 వరకు వచ్చిన తగ్గుదలను నమూనాలతో విడదీస్తే నాలుగో వంతు స్క్రీనింగ్ వల్ల, మిగతా మూడు వంతులు చికిత్స వల్ల వచ్చినట్టు తేలింది. అందుకని పేద దేశం తన తొలి డబ్బును మామోగ్రఫీ యంత్రాల మీద పెట్టడం నాకు నచ్చదు. చేతికి తగిలే గడ్డతో వచ్చినవాళ్లకే రెండు నెలల్లో రోగనిర్ధారణ చేయలేని చోట, చేతికి తగలని గడ్డలు వెతికి ఏం చేస్తారు?

ముంబైలో జరిగిన ట్రయల్ ఇక్కడ పనికొస్తుంది. లక్షన్నర మంది మహిళలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. ఇరవై ఏళ్ల ఫలితాలు 2021లో వచ్చాయి. జబ్బు ముందు దశలోనే పట్టుబడింది. యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభైలోపు వారిలో అలాంటి లాభం కనిపించలేదు, అన్ని వయసులూ కలిపి చూస్తే గణాంకపరంగా గట్టిగా చెప్పగలిగే తేడా రాలేదు. ఈ చివరి వాక్యం వదిలేసి ట్రయల్‌ను ఉటంకించేవాళ్లే ఎక్కువ. మీరు వదలకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదలుపెట్టిన కార్యక్రమం కూడా ఈ లెక్కలోనే ఉంది. 60 శాతానికి పైగా కేసులు మొదటి రెండు స్టేజీల్లో పట్టుబడాలి, రోగి మొదటిసారి ఆసుపత్రికి వచ్చిన 60 రోజుల్లో రోగనిర్ధారణ పూర్తవాలి, 80 శాతం మంది చికిత్స చివరిదాకా పూర్తి చేయాలి. ఏటా మరణాల రేటు 2.5 శాతం తగ్గిస్తే 2040 నాటికి 25 లక్షల ప్రాణాలు నిలుస్తాయని అంచనా.

కేసుల పెరుగుదల, చికిత్స ఏర్పాట్లు రెండూ ఒకే కాలంలో కదిలిన దేశానికి ఉదాహరణగా దక్షిణ కొరియాను చూడండి. ఒకే తరంలో కాన్పులు పడిపోయాయి, అమ్మాయిల చదువు, ఆదాయం ఎగబాకాయి. కేసులు వేగంగా పెరిగాయి. అక్కడ కేసులు నలభైలలో ఉన్న వారిలో గరిష్ఠంగా ఉండటం వింతగా కనిపిస్తుంది. ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్లున్నవాళ్లు పాత పద్ధతిలో పెరిగినవాళ్లు, నలభైలవాళ్లు కొత్త పద్ధతిలో పెరిగినవాళ్లు. అంతే. అయినా అక్కడ ఐదేళ్లు బతికేవారు 90 శాతం పైనే, ఎందుకంటే 1989 కల్లా ఆరోగ్య బీమా అందరికీ చేరింది, 1999లో జాతీయ స్క్రీనింగ్ మొదలైంది. కేసుల కన్నా ముందే ఏర్పాట్లు వచ్చాయి. ఫిజీలాంటి పసిఫిక్ దేశాల్లో ఈ వరస తిరగబడింది. అందుకే మరణాల రేటులో అవి ప్రపంచంలో పైవరసలో ఉన్నాయి.

సగటు సూచిక దాచేసేది కూడా ఒకటుంది. అమెరికాలో నల్లజాతి మహిళల్లో కొత్త కేసుల రేటు తెల్లజాతివారి కన్నా కాస్త తక్కువ, మరణాల రేటు దాదాపు 40 శాతం ఎక్కువ. వారిలో హార్మోన్ గ్రాహకాలు, హెర్-2 ఏవీ లేని, చికిత్సకు అంత సులువుగా లొంగని ‘ట్రిపుల్ నెగటివ్’ రకం వాటా ఎక్కువన్నది కొంత కారణమే. కానీ గ్రాహకాలు ఉన్న, బాగా నయమయ్యే రకాల్లో కూడా తేడా కనిపిస్తుంది. సూచిక చాలా ఎక్కువగా ఉన్న ఒకే దేశంలో మీ రెండు పటాలూ పక్కపక్కన ఉన్నాయన్నమాట.

ముందుకు చూస్తే 2050 నాటికి ఏడాదికి కొత్త కేసులు సుమారు 32 లక్షలకు, మరణాలు 11 లక్షలకు చేరతాయని అంచనా. 2022తో పోలిస్తే కేసులు 38 శాతం, మరణాలు 68 శాతం ఎక్కువ. ఈ పెరుగుదల భారం సూచిక తక్కువగా ఉన్న దేశాల మీద మరీ ఎక్కువగా పడుతుంది. ఇవి రేట్లు ఇప్పటిలాగే ఉంటాయనుకుని, జనాభా పెరుగుదల, వృద్ధాప్యం మాత్రమే కలిపి వేసిన లెక్కలు. పైన చెప్పిన కాన్పుల మార్పు కలిస్తే కేసులు ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

ఇక మీ ప్రాజెక్టుకు పనికొచ్చే హెచ్చరిక ఒకటి. కేసులకూ మరణాలకూ ఉన్న నిష్పత్తిని మానవాభివృద్ధి సూచికతో గ్రాఫ్ గీస్తే అద్భుతమైన సంబంధం కనిపిస్తుంది, చాలామంది ప్రచురించారు కూడా. కానీ రిజిస్ట్రీ గాని, మరణ కారణాల నమోదు గాని సరిగ్గా లేని దేశాలకు ఆ అంకెలను అంచనా కట్టేటప్పుడు, పక్క దేశాల రేట్లతో పాటు, ఎంతమంది బతుకుతారన్న అంచనాకు ఆ సూచికనే వాడతారు. అంటే సూచిక నుంచి వచ్చిన అంకెను మళ్లీ సూచికతో పోల్చి ‘సంబంధం ఉంది’ అంటున్నామన్నమాట. కాబట్టి ప్రతి దేశానికీ సమాచారం ఎక్కణ్నుంచి వచ్చిందో ఒక నిలువు వరస పెట్టుకోండి. నాణ్యమైన రిజిస్ట్రీ ఉన్న దేశాలను నిండు చుక్కలతో, అంచనా కట్టిన వాటిని ఖాళీ చుక్కలతో గీయండి. ముందు నిండు చుక్కలతోనే గీత గీసి చూడండి. సంబంధం అప్పుడూ ఉంటుంది, కాస్త బలహీనంగా. రిపోర్టులో పెట్టాల్సింది ఆ గీతే.